నీలవేణి టాకీస్‌లో ఆడవాళ్ళ వన్స్‌మోర్

పెదవాల్తేరు నీలవేణి టాకీస్‌లో తాయారు ఆడవాళ్ళకు టిక్కెట్లు ఇచ్చేది మొహాలు చూసి కాదు, చేతులు చూసి. లేడీస్ కౌంటరుకు కిటికీ లేదు. గోడలో పిడికిలి పట్టేంత కన్నం ఉండేది, అంతే. డబ్బులున్న చెయ్యి లోపలికి వస్తుంది, టిక్కెట్టు పట్టుకుని బయటికి పోతుంది. మణికట్టు దగ్గర చేప పొలుసు అంటుకుని ఉంటే జాలరిపేట. గాజులకు పిన్నీసులు వేలాడుతుంటే పెదవాల్తేరు కాలనీల్లో ఇంటిపని చేసే మనిషి. వేళ్ళ చివర సిరా ఉంటే కాలేజీ ఎగ్గొట్టిన పిల్ల. కొత్త సినిమా శుక్రవారం ఒకే కన్నంలోకి మూడు చేతులు దూరి ఇరుక్కుపోయేవి. అప్పుడు తాయారు జడలో దోపుకున్న దువ్వెన తీసి వరసగా తలో దెబ్బ వేసేది. చేతులు వాటంతట అవే విడిపోయేవి.

ఆమెది చోడవరం వైపు ఊరు. పొలం పనులు తెలిసిన మనిషి. మొగుడికి పోర్టులో కలాసీ పని దొరికితే ఆయన వెంట విశాఖపట్నం వచ్చింది. నీలవేణి కట్టిన కొత్తలో యజమాని తల్లి, లేడీస్ కౌంటరులో ఆడమనిషే కూర్చోవాలని పట్టుబట్టిందట. అలా వచ్చిన ఉద్యోగం. టిక్కెట్లు అయిపోగానే కౌంటరుకు తాళం వేసి, టార్చిలైటు పట్టుకుని లేడీస్ గేటు దగ్గర నిలబడేది. హాల్లో ఎడమ చేతి వైపు ఆడవాళ్ళ బెంచీలు. మధ్యలో ఛాతీ ఎత్తు చెక్క అడ్డం. అటు మగవాళ్ళ సిగరెట్ పొగ ప్రొజెక్టరు వెలుగులో సుడి తిరుగుతుంటే, ఇటు పిల్లల ఏడుపు, మరమరాల పొట్లాల చప్పుడు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వరండాలో తిప్పడం కూడా తాయారు పనే. జీతంలో అది లేదు గానీ పనిలో ఉంది.

తొంభైల చివరికి ఆ చేతులు తగ్గిపోయాయి. కేబుల్ టీవీ వచ్చింది. మ్యాట్నీ వేళకు ఆడవాళ్ళు సీరియళ్ళకు కూర్చుంటున్నారు. నీలవేణి యజమాని భీమశంకరరావు పాత సినిమాలు తెచ్చి చూశాడు, భక్తి సినిమాలు తెచ్చి చూశాడు. హాలు నిండలేదు. 1999 నవంబరులో ఒక హిందీ డబ్బింగు సినిమా తెచ్చాడు. పేరు ‘పగబట్టిన పౌర్ణమి’. పెళ్ళైన నెలకే మొగుడిని ముగ్గురు డబ్బున్న స్నేహితులు చంపేస్తే, పెళ్ళాం పేరు మార్చుకుని, ఒక్కొక్కడినీ వలపులో పడేసి చంపుతుంది. వలపు ఎక్కువ, చంపడం తక్కువ. పోస్టరు మీద పెద్ద సైజులో ‘ఎ’ అక్షరం, దాని కింద తడిసిన చీరలో హీరోయిన్.

గురువారం సాయంత్రం మేనేజరు అర్జునరావు తాయారును పిలిచాడు.

“రేపట్నుంచి కౌంటరు తియ్యక్కర్లేదు. పోస్టరు చూశావా?”

“సూసినాను బాబూ. ఆ గుంటకి ఒక పొడి సీర కొనిచ్చే దిక్కు నేదు కాబోలు.”

“దీనికి ఆడాళ్ళెవరొస్తారు? నువ్వు సైకిల్ స్టాండులో కూర్చుని టోకెన్లివ్వు.”

“మరి ఈ బొమ్మ ఎల్లిపోయినాక?”

అర్జునరావు మంచివాడే. మంచివాళ్ళు చెడ్డకబురు చెప్పేటప్పుడు చేసినట్టే జేబులో పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇది ఆడిందంటే ఇక వరసగా ఇలాంటివేనట. బాబుగారు ఆ కన్నం పూడ్పించి, లేడీస్ వైపు సమోసాల కొట్టు పెట్టిస్తామంటున్నారు. మూడు వారాలు చూసి తేల్చేస్తారు.”

“సమోసాలు నాను వెయ్యనేను బాబూ.”

“తెలుసు,” అన్నాడు.

సినిమా ఆడింది. మొదటి మూడు రోజులూ మగవాళ్ళతో హాలు నిండింది. సైకిల్ స్టాండులో కూర్చున్న తాయారుకు ఒక సంగతి తెలిసింది. వచ్చినవాళ్ళలో పెదవాల్తేరు మనుషులు ఏ నలుగురో. మిగతా అందరూ ఉక్కునగరం, గాజువాక నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళే, స్టాండులో ఉన్న సైకిళ్ళు ఆ నలుగురివే. అదే సినిమా గాజువాకలో కూడా ఆడుతోంది. మనవాళ్ళు తెలిసినవాళ్ళ కంట పడకుండా అక్కడికి పోతున్నారు, అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తున్నారు. ఇద్దరూ దారిలో బస్సు కిటికీల్లోంచి ఒకరినొకరు దాటుకుని పోతున్నారు.

ఆట వదిలిన తర్వాత వాళ్ళ అభిప్రాయాలు వినాలి. ఒక్కడైనా సినిమా బాగుందని అనలేదు. “ఫ్రెండు లాక్కొచ్చాడండి,” అనేవాడు ఒకడు. ఆ ఫ్రెండు పక్కనే నిలబడి అదే మాట అనేవాడు. “ఫొటోగ్రఫీ బాగుంది,” అనేవాడు ఇంకొకడు. కాస్త చదువుకున్నవాళ్ళు “పగ పాయింటు బాగుంది, డైరెక్టరు సరిగా వాడుకోలేదు,” అనేవాళ్ళు. ఒక దినపత్రిక జిల్లా పేజీలో ప్రేక్షకుల మాట అని ఫొటోలతో వేసేవాళ్ళు. ఆ పత్రిక కుర్ర విలేకరి ఒకడు వచ్చి గంటసేపు నిలబడితే ఒక్కడు పేరు చెప్పలేదు. ఒకడు చెప్పాడు గానీ అది వాళ్ళ బావమరిది పేరు. “కథ లేదు, నీతి లేదు” అని తిట్టిపోసినవాడే మర్నాడు మ్యాట్నీకి తాయారు దగ్గర మళ్ళీ టోకెను తీసుకున్నాడు.

“నీతి ఇయ్యాల దొరికిందేటి బాబూ?” అని అడిగింది తాయారు.

వాడు సైకిలు వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ సాయంత్రం వచ్చి తీసుకెళ్ళాడు.

రెండో వారం మొదట్లో సముద్రం మీద వాయుగుండం పట్టింది. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. అది ఎగిరితే జాలరిపేటలో నావ కదలదు. నావ కదలకపోతే చేపలుండవు, చేపల్లేకపోతే ఆడవాళ్ళకు తీరిక. ఆ మధ్యాహ్నం గాలికి పోస్టర్లు కొట్టుకుంటుంటే లేడీస్ కౌంటరు దగ్గర ఎవరో గోడ బాదుతున్నారు. నూకాలు.

నూకాలు తాయారుకు పాత చుట్టం లాంటి మనిషి. ఊరూ కులమూ వేరే అయినా, పదిహేనేళ్ళుగా మొదటి శుక్రవారం మొదటి చెయ్యి ఆమెదే.

“ఓలే తాయారూ! కన్నంలో సెయ్యెడితే అట్ట తగుల్తాందేటే? మూసీసినారేటి?”

“ఈ బొమ్మకి ఆడోలు రారంట ఒదినా.”

“ఎవుడన్నాడు?”

“మేనేజరు బాబు.”

“మా నావ సూడ్డానికి మీ మేనేజరు పర్మిసనేటే నాకు?”

అప్పుడు చెప్పింది. కిందటేడు భీమునిపట్నం ఒడ్డున హిందీవాళ్ళు షూటింగు చేశారు. నూకాలు మొగుడు ఎల్లాజీ నావను రెండ్రోజులు బాడిగకు తీసుకున్నారు. ఎల్లాజీని కూడా తలపాగా చుట్టి, వల భుజాన వేసి ఒడ్డున నిలబెట్టారు. ఆ సినిమా ఇదేనని గాజువాకలో చూసివచ్చిన మేనల్లుడెవడో నోరు జారాడు. తానెందుకు గాజువాక వెళ్ళాడో మాత్రం చెప్పలేదు.

గొడవ విని అర్జునరావు బయటికొచ్చాడు. “అమ్మా, ఇది పెద్దలకు మాత్రమే.”

“నానేటి సంటిపిల్లనా? ముగ్గురు మనవలున్నారు.”

“అది కాదు. ఆడవాళ్ళు చూసేది కాదమ్మా.”

“బొమ్మలో ఉన్నది ఆడదే కదేటి?”

అర్జునరావు మళ్ళీ జేబులో పెన్ను తీశాడు. అంతలో తాయారుకు దారి దొరికింది. “బాబూ, పదిమందొస్తే కవుంటరు తియ్యనిత్తారేటి?” అని అడిగింది. ఈ సినిమాకు పదిమంది ఆడవాళ్ళా అని నవ్వి, “వస్తే తియ్యి,” అన్నాడు.

మ్యాట్నీకి నూకాలు వీధి వీధంతా వచ్చింది. తాయారు కన్నానికి అడ్డం పెట్టిన అట్ట లాగేసి, స్టూలు మీద దుమ్ము దులిపి కూర్చుంది. దువ్వెన తీయాల్సి వచ్చింది.

ఆ ఆట గురించి ఇరవయ్యేళ్ళ తర్వాత చెప్పేటప్పుడు కూడా తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. హీరోయిన్ స్నానం సీను రాగానే మగవాళ్ళ వైపు ఎవడో ఈల వేశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి పోతమ్మ అనే ముసలామె లేచి, చెక్క అడ్డం మీదుగా తొంగి చూసింది.

“ఎవుడ్రా ఈలేసినోడు? మీ యింట్లో ఆడోలు తానాలు సెయ్యరేట్రా?”

మళ్ళీ ఈల వినపడలేదు. ఆడవాళ్ళ మాటలు మాత్రం ఆగలేదు. “ఓలమ్మ, అంత సలిలో తడిసిపోతాందే, జొరమొస్తాది.” “పెద్ద బంగళా కట్టినాడు, తలుపుకి గొళ్ళెం ఎట్టించనేదేటి?” “మొగుణ్ణి సంపినోడితో నవ్వతాంది సూడు, లోపల కడుపు మండతాంటాది పాపం.” మొదటి విలన్ గొంతులో కత్తి దిగినప్పుడు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. అడ్డానికి ఇటువైపు అమ్మలూ, అత్తలూ, రోజూ చేపలు తెచ్చే పిన్నులూ ఉన్నారు. ఇంటర్వెల్‌లో సగం మంది గోడవారగా జారుకున్నారు.

ఇంటర్వెల్ అయ్యాక నావ వచ్చింది. తెర మీద నావ కనబడగానే ఆడవాళ్ళందరూ బెంచీల మీదికెక్కి కేకలు వేశారు. “మనదే! ఎల్లాజీ నావే!” ఎల్లాజీ తలపాగాతో ఒక్క క్షణం కనబడి పోయాడు. నూకాలు పక్కనున్నావిడ వీపు మీద ఆనందంతో చరిచింది. ఆ వెంటనే పౌర్ణమి పాట మొదలైంది. నీలి వెన్నెల, సముద్రం, నావ. నావలో రెండో విలన్, హీరోయిన్. పాట సగానికి వచ్చేసరికి నావలో జరుగుతున్నదేమిటో అర్థమై నూకాలు కొంగుతో మొహం కప్పుకుంది. వీధి వీధంతా కప్పుకుంది. పాట అయ్యేదాకా ఆ వైపు బెంచీల మీద ఒక్క మొహం లేదు. తర్వాత నావలోంచి హీరోయిన్ వాడిని సముద్రంలోకి తోసేసింది. అది కూడా సగం మంది చూడలేదు.

జాలరిపేటలో నావ అంటే ఇంట్లో మనిషి. ముందు కొసకు పసుపు రాసి బొట్టు పెట్టి, గంగమ్మకు మొక్కి నీళ్ళలోకి దించుతారు. ఆడవాళ్ళు ఒడ్డున తోస్తారు, కానీ ఎక్కరు. అలాంటి నావ మీద వెన్నెల్లో అంత పని జరిగిందంటే!

ఎల్లాజీని నిలదీశారు. “నాకేటి తెలుసు? పగలు ఒడ్డున నిలబెట్టినారు. రాత్రి నావ ఒగ్గీసి ఎల్లిపోమన్నారు. బిరియానీ పొట్లం ఇచ్చినారు,” అన్నాడు. బిరియానీ సంగతి అంతవరకూ నూకాలుకు తెలియదు. దానికి వేరే గొడవ.

రెండ్రోజుల్లో ప్రమాద సూచిక దించారు. నావలన్నీ వెళ్ళాయి, ఎల్లాజీది తప్ప. దానిమీద వల లాగడానికి ఒక్కడూ రానన్నాడు. మైలపడ్డ నావకు చేప పడదని కొందరు. ఎక్కడో షూటింగులో జరిగిన దానికి నావ ఏం చేస్తుందని కొందరు. అంతలో వీధిలో ఒకావిడ అసలు ప్రశ్న లేవదీసింది. ఆ పాటలో ఉన్నది ఎల్లాజీ నావేనా? ఎల్లాజీ నావకు ముందు కొస దగ్గర, కుడివైపు, నూనె డబ్బా రేకు కొట్టిన జానెడు అతుకు ఉంది. పాటలో నావకు ఆ అతుకు ఉందా? ఉంటే మైల. లేకపోతే అది బొంబాయివాళ్ళు ఎక్కడో కట్టించుకున్న వేరే నావ.

ఎవరూ చెప్పలేకపోయారు. అందరూ మొహాలు కప్పుకున్నారు కదా.

సరే, చూసివద్దామని మర్నాడు నలుగురు వచ్చారు. ఈసారి కళ్ళు తెరుచుకునే చూస్తామని ఒట్లు వేసుకుని మరీ వచ్చారు. పాట రాగానే నలుగురూ కప్పుకున్నారు. బయటికి వచ్చి “నువ్వు సూత్తావనుకున్నాను,” “నువ్వు సూత్తావని నాను సూన్నేదు,” అని కొట్టుకున్నారు. తర్వాతి ఆటకు మరో ఎనిమిది మంది. వాళ్ళలో ఒకావిడ వేళ్ళ సందుల్లోంచి చూశానంది. అతుకు ఉందంది. ఆమె పక్కనే కూర్చున్న చెల్లెలు లేదంది. వాళ్ళిద్దరికీ ముందునుంచే పడదు కాబట్టి ఇద్దరి మాటా లెక్కలోకి రాలేదు. ఎవరికి వారు తీర్పు చెప్పడానికి రావడం మొదలుపెట్టారు. భీమునిపట్నం నుంచి చుట్టాలు బస్సెక్కి వచ్చారు. ఆడవాళ్ళ బెంచీలు నిండాయి. మగవాళ్ళ వైపు పలచబడిపోయింది. ఆడవాళ్ళు ఉన్న హాల్లో ఆ సినిమా చూసే ధైర్యం ఉక్కునగరం నుంచి వచ్చినవాడికి కూడా లేదు.

సినిమా మీద మిగతా అభిప్రాయాలు కూడా లేడీస్ గేటు దగ్గరే తేలేవి. హీరోయిన్ మంచిదేనన్నారు. బట్టల విషయంలో తప్పు దర్జీదన్నారు. మూడో విలన్‌ను పోలీసులకు అప్పగించడం మాత్రం ఎవరికీ నచ్చలేదు. “ఇద్దర్నీ సంపింది, మూడోవోణ్ణి పోలీసులకిచ్చీసిందేటి? ఏడిసినట్టుంది. ఆడు రేపు బెయిలు మీద వొచ్చీడా?” అంది పోతమ్మ. పత్రికవాళ్ళు అప్పుడు వచ్చి ఉంటే పేరూ ఊరూ మొగుడి పేరూ చెప్పి మరీ వేయించుకునేవాళ్ళు. కానీ ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు.

ఇంతకీ ఆ అతుకు సంగతి తాయారుకు మొదటి రోజే తెలుసు. ఆమె ఏ ఆటలోనూ మొహం కప్పుకోలేదు. గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళు మూసుకుంటే ఉద్యోగం ఎలా? పాటలో నావకు అతుకు లేదు. కొత్త చెక్క, కొత్త రంగు. విలన్‌ను తోసేసే చోట మాత్రం రేకు అతుకుతో ఎల్లాజీ నావే ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. చెబితే మర్నాటికి కౌంటరులో చేతులుండవు. భీమశంకరరావు వచ్చి తేల్చేది గురువారం. అప్పటిదాకా బెంచీలు నిండితే చాలు అనుకుంది. దీని గురించి తర్వాత అడిగినప్పుడు తాయారు సమాధానం సూటిగా ఉండేది. “నా కవుంటరు నాకుండాల కదా.”

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ నూకాలు చెయ్యి కన్నంలోంచి వచ్చింది. పొలుసు లేదు. శుభ్రంగా, ఉతికిన గుడ్డలా ఉంది. తాయారు టిక్కెట్టు ఇవ్వకుండా ఆ చెయ్యి పట్టుకుంది.

“సేపలమ్మనేదేటి ఒదినా?”

“నావ ఇసకలో ఉంటే సేపలెక్కడివే? ఎల్లాజీ పరాయోల నావల్లోకి ఎల్తన్నాడు. వొచ్చింది సారాకే సాల్తాంది. సెయ్యొగ్గు.”

తాయారు కౌంటరుకు తాళం వేసి బయటికొచ్చింది. వెనకాల క్యూ తిట్టింది. నూకాలును సైకిల్ స్టాండు పక్కకు తీసుకెళ్ళి చెప్పేసింది. అతుకు లేదని, అది వేరే నావ అని, తాను రోజూ ఆటాటకూ చూశానని.

నూకాలు ఆమెను ఎగాదిగా చూసింది. “అంటే ఆ పాట రోజూ కళ్ళు తెరిసి సూసినావేటి?”

“సూసినాను.”

“ఓలమ్మ! సిగ్గు నేదేటే నీకు?”

“ఒదినా, నాను సెప్తాంది నావ గురించి...”

“నావ గురించి తరవాత. రోజూ సూసినావా? మొగుడికి తెలుసా?”

నమ్మలేదు. నమ్మినా వీధి నమ్మదంది. కులం మనిషి కాదు, పైగా సిగ్గు లేని కళ్ళు. ఆ కళ్ళ సాక్ష్యం జాలరిపేటలో చెల్లదు. చెల్లే సాక్షి ఒక్కతే ఉంది, పోతమ్మ. డెబ్బై దాటిన మనిషి, పురుళ్ళు పోసిన చెయ్యి, వీధిలో ఏ తగువైనా ఆమె మాట మీదే ఆగుతుంది. ఆమెను కళ్ళు తెరిచి చూడమని ఒప్పించాలి. “నాకేటి సిగ్గే, నాను సూడని ఒళ్ళుందేటి మీలో?” అని పోతమ్మ ఒప్పుకుంది. అయితే చూపు ఆనదని, దగ్గర్నుంచి చూస్తానని షరతు పెట్టింది.

బుధవారం మ్యాట్నీ. సంగతి తెలిసి పేట పేటంతా వచ్చింది. లేడీస్ వైపు చాలక అర్జునరావు చెక్క అడ్డం తీయించి మగవాళ్ళ బెంచీల్లోకి కూడా ఆడవాళ్ళను కూర్చోబెట్టాడు. పాట మొదలవుతుండగా పోతమ్మ లేచి, కర్ర ఊతతో నేరుగా తెర దగ్గరికి నడిచింది. ఆమె తల నీడ హీరోయిన్ వీపు మీద పడింది. వెనకాల పేటంతా కొంగులు కప్పుకుని, “కనబడిందేటి పిన్నీ?” అని అడుగుతున్నారు. పాట అయిపోయింది.

“ఆ నీలిరంగులో నాకు సరిగా ఆన్నేదు,” అంది పోతమ్మ. “మళ్ళీ ఎయ్యమను.”

నూకాలు లేచి ప్రొజెక్టరు వైపు తిరిగి అరిచింది. “వన్స్‌మోర్!”

పేటంతా అందుకుంది. ఆ రోజుల్లో హుషారు పాటకు వన్స్‌మోర్ కొడితే ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి వేయడం మామూలే. కానీ ఈ పాటకు, ఆడవాళ్ళు! ఆపరేటరు కిందికి మనిషిని పంపి అర్జునరావును అడిగించాడు. అర్జునరావు తాయారు వైపు చూశాడు. తాయారు గడప మీద టార్చి పెట్టి, “ఎయ్యమనండి బాబూ,” అంది. చెబితే కౌంటరు పోతుందని దాచింది, చెబితే నమ్మలేదు. ఇక జరిగేది జరగనిద్దామనుకుంది.

రెండోసారి పోతమ్మ తెరను చేత్తో తడిమింది. నావ కొస ఎక్కడుందో అక్కడ అరచెయ్యి ఆనించి చూసింది. ఇటు తిరిగింది.

“నేదు. అతుకు నేదు. ఇది పరాయి నావ.”

హాలు దద్దరిల్లింది. అరుపులు ఇంకా ఆగకుండానే తర్వాతి సీను వచ్చింది. విలన్ నీళ్ళలోకి పడుతున్నప్పుడు రేకు అతుకు వెన్నెల్లో తళుక్కుమంది. ఈసారి అందరూ చూశారు. పోతమ్మ తెర ముందు నిలబడే తీర్పు చెప్పింది. “తప్పుడు పని ఆల నావ మీద సేసినారు. పగ మన నావ మీద తీర్సుకున్నారు. పగకి మైల నేదు.”

ఎల్లాజీ నావ మర్నాడు తెల్లారి నీళ్ళలోకి దిగింది.

ఆ గురువారం భీమశంకరరావు వచ్చాడు. అర్జునరావు జరిగింది జరిగినట్టు చెప్పాడు గానీ నావలూ అతుకులూ యజమాని బుర్రలోకి ఎక్కలేదు. ఆయనకు అందింది ఒక్కటే. ఆడవాళ్ళతో హాలు నిండింది, ఆ పాటకు ఆడవాళ్ళు వన్స్‌మోర్ కొట్టారు.

“ఈ పేట ఆడాళ్ళు మనం అనుకున్నట్టు కాదోయ్,” అన్నాడు ఆశ్చర్యంగా. “ఆ కన్నం పూడ్చకు.”

అలాంటి సినిమానే మరొకటి రెండు వారాలకు బుక్ చేశాడు. లేడీస్ కౌంటరు తెరిచి ఉంచమన్నాడు. తాయారు మూడు రోజులు కన్నం వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క చెయ్యి రాలేదు. అందులో నావ లేదు. పాత అనుభవం గుర్తున్న మగవాళ్ళు కూడా రాలేదు. కౌంటరు తెరిచి ఉందంటే ఆడవాళ్ళు లోపల ఉన్నట్టే అని లెక్కవేసుకుని, గేటు దాకా వచ్చి వెనక్కి పోయారు. నాలుగో రోజు భీమశంకరరావు ఆ సినిమా తీసేసి, అత్తాకోడళ్ళ సినిమా ఒకటి తెప్పించాడు. మళ్ళీ ఆ రకం సినిమాల జోలికి పోలేదు. సమోసాల కొట్టు మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

నూకాలు చాలా ఏళ్ళు తాయారును “కళ్ళు తెరిసిన మనిషి” అని ఏడిపించింది. తాయారు బదులుగా బిరియానీ పొట్లం గుర్తుచేసేది. పోతమ్మ 2003లో పోయింది. ఎల్లాజీ ఆ నావను అమ్మి ఫైబరు బోటు కొన్నాడు. నీలవేణిలో లేడీస్ కౌంటరు అలాగే నడిచింది. ఆడవాళ్ళు తగ్గుతూ వచ్చారు గానీ మూతపడిన రోజు లేదు.

2007 మే నెలలో హాలునే అమ్మేశారు. జూన్ నుంచి తాయారు దువ్వాడలో ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర పనికి కుదిరింది. అక్కడ మూడు వందల పది మంది పిల్లలు. గేటులోకి వచ్చేవాళ్ళవి అక్కడా మొహాల కంటే ముందు చేతులే చూసేది.